ప్రీఆంప్ ఒకటే, పవర్ ఆంపులు వేరు: గిటార్ ర్యాక్ మీద పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం గురించి అడిగాయి: 19 అంగుళాల ర్యాక్‌లో బిగించే గిటార్ ప్రీఆంప్‌కు ఎలాంటి పవర్ ఆంప్‌ను జత చేయాలి? ప్రీఆంప్ గిటార్ సిగ్నల్‌కు నాద స్వభావాన్ని ఇస్తుంది, పవర్ ఆంప్ దాన్ని స్పీకర్‌ను కదిలించేంత బలంగా చేస్తుంది. ఒకప్పుడు పెద్ద వేదికల మీద వెలిగిన ఏడీఏ ఎంపీ-1, మార్షల్ జేఎంపీ-1, మీసా బూగీ ట్రైయాక్సిస్ వంటి ప్రీఆంపులు చేతులు మారుతూ ఇప్పుడు కొత్తతరం వాద్యకారుల దగ్గరికి చేరుతున్నాయి. వాటికి తోడుగా ఉండిన బరువైన ట్యూబు (వాక్యూం ట్యూబులతో పనిచేసే) పవర్ ఆంపులు మాత్రం అన్నిసార్లూ వాటి వెంట రావడం లేదు. అందువల్ల ఆ ప్రశ్నలన్నిటినీ ఈసారి ఒకచోట చేర్చి, విషయం లోతుగా ఉన్నచోట విపులంగానే సమాధానం ఇస్తున్నాం.

ప్రశ్న: నా దగ్గర మార్షల్ జేఎంపీ-1 ఉంది. మిత్రుడి ఈఎల్34 ట్యూబు పవర్ ఆంప్‌తో, నాలుగు 12 అంగుళాల స్పీకర్లున్న క్యాబినెట్ మీద వాయించినప్పుడు నాదం నిండుగా, వేళ్లకు బదులు చెబుతున్నట్టుగా వినిపించింది. అంత బరువు మోయలేక నేను తేలికపాటి ట్రాన్సిస్టర్ పవర్ ఆంప్ కొన్నాను. అదే క్యాబినెట్, అవే ప్రీసెట్లు (ప్రీఆంప్‌లో దాచుకున్న అమరికలు), పైగా వాట్లు రెండింతలు. అయినా ధ్వని బిగుసుకుపోయి, ఎండిపోయినట్టుగా ఉంది. ట్యూబులకు ఏదో ప్రత్యేక గుణం ఉందనే మాట నిజమేనా?

జవాబు: మీ చెవి మిమ్మల్ని మోసగించలేదు, మీరు విన్న తేడా నిజమైనదే. అయితే దానికి ప్రధాన కారణం పవర్ ఆంప్‌కూ స్పీకర్‌కూ మధ్య ఉన్న విద్యుత్ సంబంధం. దీన్ని ఒకసారి అర్థం చేసుకుంటే పవర్ ఆంపుల గురించి వినిపించే సగం వాదనలు వాటంతట అవే సర్దుకుంటాయి కనుక, కొంచెం వివరంగా చెబుతాను.

స్పీకర్ వెనుక 8 ఓములని రాసి ఉన్నా, దాని ఇంపిడెన్స్ (కరెంటుకు అది ఇచ్చే అడ్డంకి) అన్ని పౌనఃపున్యాల దగ్గరా 8 ఓములుగా ఉండదు. స్పీకర్ కోన్ సహజంగా ఊగే అనునాద స్థానం ఒకటుంటుంది. సాధారణ 12 అంగుళాల గిటార్ స్పీకర్‌ను మూసిన పెట్టెలో బిగించినప్పుడు అది సుమారు 100 హెర్ట్జ్ పరిసరాల్లో పడుతుంది. అక్కడ ఇంపిడెన్స్ రాసి ఉన్న విలువకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. తరువాత కొన్ని వందల హెర్ట్జ్ దగ్గర దాదాపు 8 ఓములకు దిగివచ్చి, అక్కడి నుంచి పైకి వెళ్లేకొద్దీ వాయిస్ కాయిల్ ఇండక్టెన్స్ వల్ల మళ్లీ క్రమంగా పెరుగుతుంది. అంటే మంద్రంలో ఒక కొండ, మధ్యలో ఒక లోయ, తారస్థాయిలో ఒక ఏటవాలు ఎత్తు ఉంటాయన్నమాట.

ఇప్పుడు పవర్ ఆంప్ సంగతి చూడండి. మామూలు ట్రాన్సిస్టర్ పవర్ ఆంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఓములో చిన్న భాగం మాత్రమే. స్పీకర్ ఇంపిడెన్స్ 8 అయినా 40 అయినా అది ఒకే వోల్టేజీని అందిస్తుంది. కాబట్టి స్పీకర్ కొండలూ లోయలూ ధ్వని సమతూకాన్ని మార్చలేవు. ట్యూబు పవర్ ఆంప్ అలా కాదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వెనుక నుంచి పనిచేసే పెంటోడ్ రకం పవర్ ట్యూబుల అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఎక్కువ. ఉదాహరణకు అది 8 ఓములనుకుందాం. స్పీకర్ 8 ఓముల దగ్గర ఉన్నప్పుడు అందుబాటులో ఉన్న వోల్టేజీలో సగమే దానికి చేరుతుంది. 40 ఓములకు ఎక్కినప్పుడు ఆరింట ఐదు వంతులు చేరుతుంది. ఈ రెంటి మధ్య తేడా నాలుగు డెసిబెల్స్‌కు పైనే. నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని వెనక్కి పంపి సరిదిద్దే ఏర్పాటు) లేని ఆంప్‌లో అవుట్‌పుట్ ఇంపిడెన్స్ 30 ఓములనుకుంటే అదే తేడా ఎనిమిది డెసిబెల్స్ దాటుతుంది. అంటే మీ మిత్రుడి ఆంప్ ఎవరూ ఏ నాబూ తిప్పకుండానే మంద్రాన్నీ తారాన్నీ పైకి లేపి, మధ్యస్థాయిని కొంత వెనక్కి నెడుతోంది. మీరు వాయిస్తూ దిద్దుకున్న ప్రీసెట్లు ఆ రూపానికి అలవాటుపడినవి. కొత్త ఆంప్ ఆ రూపాన్ని తీసివేయడంతో మధ్యస్థాయి ముందుకు వచ్చింది, అంచులు తగ్గాయి, దాన్నే మీరు ఎండిపోవడం అంటున్నారు.

బిగుసుకుపోవడం అనే మాట కూడా సరిగ్గానే వాడారు. అవుట్‌పుట్ ఇంపిడెన్స్ తక్కువగా ఉన్న ఆంప్ కోన్ కదలికను గట్టిగా అదుపు చేస్తుంది. తీగను మీటి వదిలాక కోన్ వెంటనే నిలిచిపోతుంది. ట్యూబు ఆంప్ ఆ పట్టును సడలిస్తుంది. కొందరు అరచేతితో తీగలను అదిమిపట్టి చేసే వేగవంతమైన మ్యూటెడ్ వాయింపుకు ట్రాన్సిస్టర్ ఆంప్‌నే కోరి ఎంచుకోవడానికి కారణం ఇదే. కాబట్టి ఇందులో ఒకటి గొప్పది, ఇంకొకటి తక్కువది అనే తీర్పుకు నేను ఒప్పుకోను.

ఇక చేయవలసిన పని. కొత్త ఆంప్‌ను తిరిగి ఇచ్చేయక ముందు ఒక పూట కూర్చుని ప్రీసెట్లను దానికోసం మళ్లీ దిద్దండి. జేఎంపీ-1లో బేస్, ప్రెజెన్స్ కొద్దిగా పెంచండి, మిడ్ తగ్గించండి, బేస్ షిఫ్ట్ స్విచ్‌ను వేసి, ఆపి రెండు విధాలా విని చూడండి. అది చాలకపోతే ప్రీఆంప్‌కూ పవర్ ఆంప్‌కూ నడుమ ఒక గ్రాఫిక్ ఈక్వలైజర్ ఉంచి, 100 హెర్ట్జ్ దగ్గరా, 3 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్యా నాలుగైదు డెసిబెల్స్ చొప్పున ఎత్తండి. గిటార్ కోసమే తయారైన కొన్ని ట్రాన్సిస్టర్ పవర్ ఆంపులు కరెంట్ ఫీడ్‌బ్యాక్ పద్ధతితో తమ అవుట్‌పుట్ ఇంపిడెన్స్‌ను కావాలనే పెంచుకుంటాయి. మరికొన్నింటిలో ఈ దిద్దుబాటు కోసమే నాబులు ఉంటాయి. రాక్‌ట్రాన్ వెలాసిటీ వరుసలో కనిపించే రియాక్టెన్స్, డెఫినిషన్ అలాంటివే. ఈ దిద్దుబాటుతో మీరు పోగొట్టుకున్నదానిలో చాలా భాగం తిరిగి వస్తుంది. రానిది ఒకటే: ట్యూబు ఆంప్‌ను బాగా గట్టిగా నడిపినప్పుడు పవర్ ట్యూబులూ, ఫేజ్ ఇన్వర్టరూ, విద్యుత్ సరఫరా విభాగమూ కలిసి ధ్వనిని మెత్తగా నొక్కిపట్టే తీరు. తక్కువ శబ్దంలో వాయించేవారికి అది ఎలాగూ అందదు కనుక, వారు దానికోసం బాధపడనవసరం లేదు.

ప్రశ్న: ఈఎల్34, 6ఎల్6, ఈఎల్84, కేటీ88: ఈ నాలుగింటిలో నా ట్రైయాక్సిస్‌కు ఏది నప్పుతుంది? ట్యూబు రకాన్ని బట్టి పవర్ ఆంప్‌ను ఎంచుకోవచ్చా?

జవాబు: ట్యూబు పేరు ఒక సూచన మాత్రమే. సాధారణంగా ఈఎల్34 ఆంపులు మధ్యస్థాయిలో చురుగ్గా, గట్టిగా నడిపినప్పుడు కొంచెం త్వరగా కరకరలాడుతూ వినిపిస్తాయి. 6ఎల్6 ఆంపులు మంద్రంలో నిండుగా, పై స్థాయిలో విశాలంగా ఉంటాయి. ఈఎల్84 చిన్న ట్యూబు కనుక తక్కువ వాట్ల దగ్గరే చిక్కబడుతుంది. కేటీ88 చాలాసేపటి వరకు చెదరకుండా శుభ్రంగా నిలుస్తుంది. కానీ ఈ లక్షణాలలో చాలా భాగం ఆ ట్యూబుల చుట్టూ అల్లిన సర్క్యూట్‌వి. నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ ఎంత ఉంది, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఎంత పెద్దది, విద్యుత్ సరఫరా ఎంత దృఢంగా ఉంది అనేవి పై సమాధానంలో చెప్పిన అవుట్‌పుట్ ఇంపిడెన్స్‌నూ, ఆంప్ కుంగే తీరునూ నిర్ణయిస్తాయి. ఒకే ఈఎల్34 జతతో కట్టిన రెండు ఆంపులు ఒకదానికొకటి పోలిక లేకుండా వినిపించగలవు.

ట్రైయాక్సిస్‌లో ఐదు 12ఏఎక్స్7 ట్యూబులున్నాయి. గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) అంతా అక్కడే తయారవుతుంది. అంత డిస్టార్షన్ (తరంగం చెదిరి వచ్చే కరకు నాదం) ముందే సిద్ధమైనప్పుడు దాని మీద పవర్ ఆంప్ మరో పొర డిస్టార్షన్ చేరిస్తే స్వరాలు ముద్దకట్టుకుపోతాయి. అందువల్ల ఎక్కువ గెయిన్‌తో వాయించేవారికి, చెదరకుండా నిలిచే పెద్ద 6ఎల్6 లేదా కేటీ88 ఆంప్ మేలు. ట్రైయాక్సిస్‌ను చేసిన మీసా బూగీయే తయారుచేసిన సైమల్-క్లాస్ 2:90 పవర్ ఆంప్‌తో జతకడితే ఇంకొక సౌకర్యం ఉంది: డీప్, హాఫ్ డ్రైవ్ వంటి దాని అదనపు అమరికలను ట్రైయాక్సిస్ ప్రీసెట్ల నుంచే మార్చవచ్చు. ఒక ప్రీసెట్‌లో శుభ్రమైన నాదానికి పూర్తి శక్తినీ, మరో ప్రీసెట్‌లో లీడ్ వాయింపుకు తగ్గించిన శక్తినీ పిలవడం చాలా ఉపయోగకరమైన విషయం. దీనికి భిన్నంగా, బ్లూస్ వాయిస్తూ ప్రీఆంప్‌లో గెయిన్ తక్కువగా ఉంచుకునేవారైతే చిన్న ఈఎల్84 ఆంప్‌ను కొంచెం కష్టపెట్టి వాయించండి. ప్రీఆంప్ ఇవ్వని స్పర్శ అక్కడ దొరుకుతుంది.

పవర్ ఆంప్ మీద ప్రెజెన్స్, డెప్త్ నాబులు ఉంటే వాటిని చిన్నచూపు చూడవద్దు. అవి నెగెటివ్ ఫీడ్‌బ్యాక్‌ను ఒక్కొక్క స్థాయిలో సడలిస్తాయి: ప్రెజెన్స్ తారస్థాయిలో, డెప్త్ మంద్రస్థాయిలో. ప్రీఆంప్‌లోని ట్రెబుల్ పెంచడానికీ ఈ ప్రెజెన్స్ పెంచడానికీ తేడా ఉంది. రెండోది ఆంప్‌కూ స్పీకర్‌కూ మధ్య ఉన్న పట్టును కూడా మారుస్తుంది. పవర్ ఆంప్‌ను పరీక్షించేటప్పుడు ముందు ఈ రెండు నాబులూ, ఆ తరువాతే ప్రీఆంప్ నాబులూ ముట్టుకోండి.

ప్రశ్న: ఏడీఏ ఎంపీ-1ను వక్తల ప్రసంగాలకు వాడే ఒక సాధారణ సౌండ్ సిస్టం పవర్ ఆంప్‌కు కలిపాను. వాల్యూం అంతా తిప్పినా శబ్దం సరిపోవడం లేదు. ప్రీఆంప్ అవుట్‌పుట్ ఇంకా పెంచితే ధ్వని గరగరలాడుతోంది. ఆంప్‌లో లోపమా?

జవాబు: లోపం ఉండకపోవచ్చు, రెండింటి సిగ్నల్ స్థాయిలు కలవకపోవడమే కారణం అయివుంటుంది. ఆడియో పరికరాలలో రెండు లైన్ స్థాయిలు, అంటే ఒక పరికరం నుంచి మరొకదానికి సిగ్నల్ వెళ్లే ప్రామాణిక వోల్టేజీలు, వాడుకలో ఉన్నాయి. ప్లస్ 4 డీబీయూ అంటే సుమారు 1.23 వోల్టులు, మైనస్ 10 డీబీవీ అంటే సుమారు 0.316 వోల్టు. వీటి మధ్య దాదాపు నాలుగింతల తేడా ఉంది, డెసిబెల్స్‌లో చెబితే సుమారు 12.

ఇక ప్రతి పవర్ ఆంప్‌కూ ఒక ఇన్‌పుట్ సెన్సిటివిటీ ఉంటుంది. పూర్తి శక్తి రావడానికి ఎన్ని వోల్టులు అందాలో అది చెబుతుంది. మీ ఆంప్ 100 వాట్లది, సెన్సిటివిటీ 0.775 వోల్టు అనుకోండి. దానికి 0.316 వోల్టు మాత్రమే అందితే బయటికి వచ్చేది 17 వాట్లకు కూడా చేరదు, ఎందుకంటే శక్తి వోల్టేజీ వర్గానికి అనులోమంగా ఉంటుంది. సెన్సిటివిటీ 1.4 వోల్టులున్న ఆంప్ అయితే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. అప్పుడు ప్రీఆంప్ మాస్టర్‌ను పెంచుతూ పోవడం వల్ల దాని చివరి దశలోనే తరంగం కొనలు తెగిపోతాయి (దీన్నే క్లిప్పింగ్ అంటారు). మీరు విన్న గరగర బహుశా అదే.

పరిష్కారం ఇలా ఉంటుంది. మొదట రెండు పరికరాల వెనుక స్థాయిని మార్చే స్విచ్ ఉందేమో చూడండి. ప్రీఆంప్‌లో ప్లస్ 4 ఎంపిక ఉంటే దాన్ని వాడండి, పవర్ ఆంప్‌లో సెన్సిటివిటీ స్విచ్ ఉంటే తక్కువ వోల్టేజీ వైపు పెట్టండి. రెండూ లేకపోతే నడుమ ఒక లైన్ బూస్టర్ గానీ, అవుట్‌పుట్ గట్టిగా ఉన్న ఎఫెక్ట్స్ ప్రాసెసర్ గానీ ఉంచండి. దీనికి విరుద్ధమైన సమస్య కూడా వస్తుంటుంది: ప్రీఆంప్ స్థాయి ఎక్కువై, పవర్ ఆంప్ వాల్యూం ఏమాత్రం తిప్పినా గది అదిరిపోతూ, వెనుక నుంచి సన్నని హిస్ వినిపిస్తూ ఉంటుంది. అప్పుడు పవర్ ఆంప్ వాల్యూం తగ్గించి, ప్రీఆంప్ స్థాయిని మధ్యలో ఉంచడమే సరైన పద్ధతి.

పవర్ ఆంప్ ముందున్న వాల్యూం నాబు గురించి ఒక అపోహ చాలామందిలో ఉంది. అది లోపలికి వచ్చే సిగ్నల్‌ను తగ్గించే సాధనం మాత్రమే. ఆంప్ బలాన్ని అది నిర్ణయించదు. నాబు సగంలో ఉంది కనుక ఇంకా సగం శక్తి మిగిలి ఉందని అనుకోవద్దు. గట్టి సిగ్నల్ వస్తుంటే నాబు మూడో గీత దగ్గరే ఆంప్ పూర్తి శక్తికి చేరుకోగలదు.

ప్రశ్న: విడిగా పవర్ ఆంప్ కొనే స్తోమత లేదు. నా దగ్గరున్న కాంబో ఆంప్ (ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్నది) వెనుక, ఎఫెక్ట్ పరికరాల నుంచి సిగ్నల్ తిరిగివచ్చే ఎఫెక్ట్స్ రిటర్న్ జాక్‌లో ర్యాక్ ప్రీఆంప్‌ను కలపవచ్చా?

జవాబు: తప్పకుండా కలపవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను మొదట చెప్పే మార్గం కూడా ఇదే. రిటర్న్ జాక్‌లో పెట్టిన సిగ్నల్ కాంబో ప్రీఆంప్‌ను దాటిపోయి నేరుగా దాని పవర్ విభాగానికి చేరుతుంది. కాంబో ముందు భాగంలోని గిటార్ ఇన్‌పుట్‌లో మాత్రం ర్యాక్ ప్రీఆంప్‌ను కలపవద్దు. అలా చేస్తే ఒక ప్రీఆంప్ స్వభావం మీద ఇంకొకటి పడి, రెండూ చెడతాయి.

మూడు విషయాలు ముందే తెలుసుకోండి. మొదటిది, కొన్ని ఆంపుల ఎఫెక్ట్స్ లూప్ పాద పెడళ్ల కోసం ఉద్దేశించినది. మైనస్ 20 డీబీవీ, అంటే 0.1 వోల్టు స్థాయిలో పనిచేస్తుంది. అలాంటి చోట ప్లస్ 4 స్థాయి సిగ్నల్ పంపితే రిటర్న్ దశలోనే చెడ్డ డిస్టార్షన్ పుడుతుంది కనుక ప్రీఆంప్ అవుట్‌పుట్‌ను మైనస్ 10కు మార్చి, మాస్టర్‌ను కింది నుంచి మెల్లగా పెంచండి. రెండోది, లూప్ సమాంతర పద్ధతిలో (సొంత సిగ్నల్, ఎఫెక్ట్ సిగ్నల్ రెండూ కలిసేలా) ఉంటే మిక్స్ నాబును పూర్తిగా ఎఫెక్ట్ వైపు తిప్పాలి, లేకపోతే కాంబో సొంత ప్రీఆంప్ రొద కూడా కలుస్తుంది. మూడోది, కొన్ని ఆంపులలో మాస్టర్ వాల్యూం రిటర్న్‌కు ముందే ఉంటుంది. అప్పుడు శబ్దం మీద అదుపంతా ర్యాక్ ప్రీఆంప్ చేతిలోనే ఉంటుంది. అందుకే మొదటిసారి కలిపేటప్పుడు ప్రీఆంప్ అవుట్‌పుట్‌ను సున్నా దగ్గర ఉంచి మొదలుపెట్టండి.

చిన్న కాంబో వెనుక తెరిచి ఉన్న పెట్టె వల్ల మంద్రం పలుచగా వినిపిస్తే ఆ దోషం పవర్ విభాగం మీద వేయకండి. వేరే స్పీకర్ జాక్ ఉంటే, ఓములు సరిచూసుకుని, మూసిన క్యాబినెట్‌కు కలిపి విన్న తరువాతే నిర్ణయానికి రండి.

ప్రశ్న: ట్యూబు అయితే 50 వాట్లు చాలునంటారు, ట్రాన్సిస్టర్ అయితే 200 కావాలంటారు. వాటు వాటే కదా?

జవాబు: కొలతలో వాటు వాటే, సందేహం లేదు. కానీ వాడుకలో తేడా వస్తుంది. ట్యూబు ఆంప్ తన హద్దు దాటినప్పుడు మెల్లగా వంగుతుంది, ఆ వంపు చెవికి ఇంపుగానే ఉంటుంది కాబట్టి మనం దాన్ని హద్దు దాటించే వాయిస్తాం. మామూలు ట్రాన్సిస్టర్ ఆంప్ హద్దు దగ్గర ఒక్కసారిగా తరంగాన్ని తెగ్గోస్తుంది, ఆ శబ్దం చెవిలో గుచ్చుకుంటుంది కాబట్టి దానికి ఎప్పుడూ కొంత ఖాళీ మిగల్చాలి. ఆ ఖాళీ కోసమే అదనపు వాట్లు. సాధారణంగా రెండింతల నుంచి మూడింతలు చాలునని నా అభిప్రాయం.

ఇంతకంటే ముఖ్యమైనది, చాలామంది పట్టించుకోనిది, స్పీకర్ సామర్థ్యం. వాట్లను రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. శబ్దం రెట్టింపైనట్టు చెవికి అనిపించాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి. 97 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఒక వాటుతో ఒక మీటరు దూరంలో ఇచ్చే శబ్దం) ఉన్న స్పీకర్ బదులు 100 డెసిబెల్స్ ఉన్నది వాడితే, ఆంప్ వాట్లను రెట్టింపు చేసినంత ఫలితం ఊరికే వస్తుంది. సెలెస్టియన్ వింటేజ్ 30 ఆ 100 డెసిబెల్స్ కోవకు చెందినదే. పెద్ద ఆంప్ కొనబోయే ముందు ఈ అంకె చూడండి.

స్పీకర్ భరించగలిగే వాట్లు కూడా సరిచూసుకోవాలి. పూర్తిగా తెగిన తరంగం, ఆంప్ మీద రాసిన వాట్లకు దాదాపు రెట్టింపు వరకు శక్తిని మోయగలదు. సెలెస్టియన్ జీ12ఎం గ్రీన్‌బ్యాక్ 25 వాట్ల స్పీకర్. అలాంటివి నాలుగున్న క్యాబినెట్ 100 వాట్లు భరిస్తుంది కానీ, ఒక్కటే ఉన్న పెట్టెకు 50 వాట్ల ఆంప్ కలిపి గట్టిగా వాయిస్తే వాయిస్ కాయిల్ కాలిపోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: నా ట్యూబు పవర్ ఆంప్‌లో రెండు వైపులు (ఛానెళ్లు) ఉన్నాయి, క్యాబినెట్ ఒకటే ఉంది. రెండో వైపు ఖాళీగా వదిలేస్తే ఏమవుతుంది? మామూలు గిటార్ కేబుల్‌తో స్పీకర్ కలపవచ్చా?

జవాబు: ఈ రెండు విషయాలలో పొరపాటు జరిగితే ఆంప్‌కే నష్టం కనుక గట్టిగా చెబుతున్నాను. స్పీకర్ గానీ, దాని బదులు శక్తిని పీల్చుకునే తగిన లోడ్ గానీ లేకుండా ట్యూబు ఆంప్‌కు సిగ్నల్ పంపకూడదు. శక్తి పోవడానికి దారి లేక అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో చాలా పెద్ద వోల్టేజీలు పుట్టి, ఇన్సులేషన్‌నూ ట్యూబు సాకెట్లనూ కాల్చేయగలవు. వాడని వైపుకు విడిగా స్టాండ్‌బై స్విచ్ ఉంటే దాన్ని ఆపి ఉంచండి. లేకపోతే దాని వాల్యూం సున్నాలో ఉంచి, ఇన్‌పుట్‌లో ఏదీ కలపకుండా, వీలైతే తగిన ఓముల లోడ్‌ను కూడా తగిలించండి. ట్రాన్సిస్టర్ ఆంప్‌కు ఖాళీగా ఉండడం వల్ల ప్రమాదం లేదు. తయారీదారు చెప్పిన కనిష్ఠ ఓముల కంటే తక్కువకు దిగడమే దానికి ప్రమాదం. రెండు వైపులనూ బ్రిడ్జ్ చేసినప్పుడు, అంటే రెండూ కలిసి ఒకే స్పీకర్‌ను నడిపేలా జోడించినప్పుడు, ఒక్కొక్క వైపు మీద స్పీకర్ ఓములలో సగమే పడుతుంది. కాబట్టి ఒక్కొక్క వైపు 4 ఓముల వరకు భరించే ఆంప్‌ను బ్రిడ్జ్‌లో 8 ఓముల కంటే తక్కువ క్యాబినెట్‌కు కలపకూడదు. అలాగే చాలా క్లాస్-డీ (వేగంగా స్విచ్ అయ్యే తేలికపాటి ట్రాన్సిస్టర్) ఆంపులలో స్పీకర్ జాక్ మైనస్ కొన ఎర్త్ కాదు కనుక రెండు వైపుల మైనస్ కొనలను ఎన్నడూ ఒకటిగా కలపవద్దు.

గిటార్ కేబుల్‌తో స్పీకర్ కలపకూడదు. దాని లోపలి తీగ సన్ననిది, స్పీకర్‌కు వెళ్లే కరెంటుకు అది వేడెక్కి తెగిపోవచ్చు. తెగిన మరుక్షణం ట్యూబు ఆంప్ లోడ్ లేకుండా మిగులుతుంది. ప్రీఆంప్ నుంచి పవర్ ఆంప్‌కు షీల్డ్ ఉన్న కేబుల్, పవర్ ఆంప్ నుంచి స్పీకర్‌కు మందమైన స్పీకర్ కేబుల్. రెండూ ఒకే రకం ప్లగ్‌తో వస్తాయి కనుక రంగు టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి.

ప్రశ్న: విడివిడిగా పెట్టినప్పుడు నిశ్శబ్దంగా ఉన్న ప్రీఆంప్, పవర్ ఆంప్ ఒకే ర్యాక్‌లో బిగించగానే గుయ్‌మంటున్నాయి.

జవాబు: రెండు కారణాలుండవచ్చు. ఇనుప పట్టీల ద్వారా రెండు పెట్టెలూ ఒకదానితో ఒకటి కలిసిపోయి ఎర్త్ లూప్ (రెండు దారుల్లో ఎర్త్ కలిసి గుయ్‌మనే శబ్దం పుట్టించే వలయం) ఏర్పడి ఉండవచ్చు, లేదా పవర్ ఆంప్‌లోని పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం ప్రీఆంప్‌ను తాకుతూ ఉండవచ్చు. ప్రీఆంప్ స్క్రూలు విప్పి, దాన్ని కొంచెం ముందుకు లాగి చేతితో పట్టుకుని వినండి. పట్టీలను వదిలిన వెంటనే శబ్దం పోతే మొదటి కారణం. ప్లాస్టిక్ వాషర్లతో గానీ, ఆడియో కేబుల్ దారిలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో గానీ అది సర్దుకుంటుంది. దూరం పెంచేకొద్దీ మెల్లగా తగ్గితే రెండోది. మధ్యలో రెండు యూనిట్ల ఖాళీ, అంటే మూడున్నర అంగుళాలు వదలండి, లేదా ప్రీఆంప్‌ను ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎదురు పక్కకు మార్చండి. ఆ ఖాళీ ట్యూబుల వేడి పోవడానికీ పనికివస్తుంది. ఏ పరిస్థితిలోనూ పవర్ ప్లగ్‌లోని ఎర్త్ పిన్నును తీసివేయవద్దు. అది మీ ప్రాణరక్షణ కోసం ఉన్నది.

ప్రశ్న: ప్రీఆంప్ వెనుక మామూలు అవుట్‌పుట్, స్పీకర్ ఎమ్యులేటెడ్ (గిటార్ స్పీకర్ ధ్వనిని అనుకరించే) అవుట్‌పుట్ అని రెండున్నాయి. పవర్ ఆంప్‌కు ఏది?

జవాబు: గిటార్ స్పీకర్లకు వెళ్లే పవర్ ఆంప్‌కు మామూలు అవుట్‌పుట్, మిక్సర్‌కో, పూర్తిస్థాయి స్పీకర్లకో ఎమ్యులేటెడ్ అవుట్‌పుట్. తారుమారైతే మొదటి సందర్భంలో ధ్వని దుప్పటి కప్పినట్టు మూసుకుపోతుంది, రెండో సందర్భంలో తేనెటీగల రొదలా చెవిని కోస్తుంది. డిజిటల్ ప్రీఆంప్ వాడేవారు కూడా ఇదే నియమం పాటించాలి: గిటార్ క్యాబినెట్ ఉంటే క్యాబినెట్ అనుకరణను ఆపండి, ట్యూబు పవర్ ఆంప్ ఉంటే పవర్ ఆంప్ అనుకరణను కూడా ఆపి వినండి. ట్రాన్సిస్టర్ లేదా క్లాస్-డీ ఆంప్ అయితే పవర్ ఆంప్ అనుకరణను ఉంచడమే మంచిది. మొదటి జవాబులో చెప్పిన కొండనూ ఏటవాలునూ అది కొంతవరకు తిరిగి తెస్తుంది.

ప్రశ్న: ఇంట్లో సాధనకు 20 వాట్ల ఈఎల్84 ఆంప్, వేదిక మీద 100 వాట్ల ట్రాన్సిస్టర్ ఆంప్ వాడుతున్నాను. ఇంట్లో దిద్దుకున్న ప్రీసెట్లు వేదిక మీద ప్రతిసారీ పాడవుతున్నాయి. ఒకే ప్రీసెట్ రెండుచోట్లా పనిచేసే ఉపాయం చెప్పండి.

జవాబు: అలాంటి ఉపాయం లేదు, వెతకవద్దు కూడా. మీ విషయంలో ఆంప్ మారుతోంది, దానితో పాటు శబ్దస్థాయీ మారుతోంది. తక్కువ శబ్దంలో మన చెవికి మంద్రమూ, అతి తారమూ తక్కువగా వినిపిస్తాయని పరిశోధకులు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు. అందువల్ల ఇంట్లో బేస్, ట్రెబుల్ ఎక్కువ పెట్టుకుంటాం. వేదిక మీద గట్టిగా వాయించినప్పుడు అదే అమరిక ఉబ్బిపోయి, బేస్ గిటార్‌కూ డ్రమ్స్‌లోని తాళాలకూ అడ్డుపడుతుంది; వినేవారికి మీ గిటార్ మాత్రం వినిపించదు.

జేఎంపీ-1లో 100, ఎంపీ-1లో 128 ప్రీసెట్లకు చోటుంది. ఆ చోటును విభజించండి: మొదటి సగం ఇంటి ఆంప్‌కు, రెండో సగం వేదిక ఆంప్‌కు, ఒకే నాదానికి రెండు రూపాలు ఒకే వరుసలో ఉండేలా. రెండో సగాన్ని తప్పనిసరిగా వేదిక ఆంప్‌తో, వేదిక మీది శబ్దంతో, వీలైతే మిగతా వాద్యకారులు వాయిస్తుండగా దిద్దుకోవాలి. గెయిన్‌ను ఇంటి రూపంకన్నా తగ్గించి మొదలుపెట్టండి, గట్టి శబ్దంలో అంత అవసరం ఉండదు. ఆ తరువాత మిడ్ పెంచండి, చివరగా బేస్ తగ్గించండి. ప్రీసెట్లను ఒకదానితో ఒకటి పోల్చేటప్పుడు రెండూ సమానమైన శబ్దస్థాయిలో ఉన్నాయో లేదో చూసుకోండి, ఎందుకంటే రెండు డెసిబెల్స్ ఎక్కువగా ఉన్నదే మనకు మంచిదనిపిస్తుంది. అన్నీ దిద్దాక మిడి (సంగీత పరికరాల మధ్య సమాచారం పంపే) కేబుల్ ద్వారా ఆ ప్రీసెట్లను కంప్యూటర్‌లోకి ఒక నకలు తీసి పెట్టుకోండి. ఈ పాత ప్రీఆంపులలో జ్ఞాపకశక్తిని నిలిపే బ్యాటరీ అయిపోతే దాచుకున్నవన్నీ పోతాయి.